బ్రౌజర్‌లో బొమ్మ క్లారిటీ లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

డీటీపీ సెంటర్ నడుపుతాను. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, ఉద్యోగ దరఖాస్తులు, ఇంటర్నెట్‌లో దొరికినదేదో ప్రింటు తీసివ్వడం, ఇదీ నా పని. కౌంటర్ దగ్గర ఎక్కువగా వినపడే మాట ఒకటే: "అన్నా, ఇది క్లారిటీ లేదు, కొంచెం చూడు." ఆ ఒక్క మాట వెనక పది రకాల జబ్బులుంటాయి. ఫైలే చిన్నది కావచ్చు. ఫైలు బాగున్నా దారిలో ఎవరో పిండేసి ఉండొచ్చు. బ్రౌజర్ సాగదీసి చూపిస్తుండొచ్చు. ఏదీ కాకపోతే తెర సెట్టింగే తేడాగా ఉండొచ్చు. ఎక్కడ చెడిందో తేల్చుకోకుండా సెట్టింగులన్నీ కెలికితే ఉన్నది కూడా పోతుంది. రోజూ నోటితో చెప్పే జవాబులనే ఇక్కడ రాసి పెడుతున్నాను.

బొమ్మ మసగ్గా ఉంది. అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

కంట్రోల్ నొక్కి పట్టుకుని సున్నా నొక్కండి. మ్యాక్ అయితే కమాండ్, సున్నా. పేజీ జూమ్ నూరు శాతానికి వస్తుంది. నవ్వకండి, నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటికి మందు ఇదే. కంట్రోల్ మీద వేలుండగా మౌస్ చక్రం కాస్త తిరిగితే చాలు, పేజీ 150కో 175కో పోతుంది. పైగా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ జూమ్‌ను ఆ సైటుకు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి రేపు తెరిచినా అలాగే ఉంటుంది. అక్షరాలను బ్రౌజర్ ఫాంటు నుంచి మళ్లీ గీస్తుంది కనుక అవి ఎంత పెద్దవైనా పదునుగానే ఉంటాయి. ఫోటోకి ఆ సౌకర్యం లేదు, ఉన్న చుక్కలనే సాగదీయాలి. "అక్షరాలు బాగానే ఉన్నాయి, బొమ్మే పోయింది" అని జనం అనేది ఇందుకే.

దానితో కుదరకపోతే అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరవండి, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అంటారు. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అక్కడ పనిచేయవు. అక్కడ బొమ్మ బాగుందంటే దొంగ మీ ఎక్స్‌టెన్షన్లలోనే ఉన్నాడు: డేటా ఆదా చేస్తానని పెట్టుకున్నదో, పేజీలన్నీ నల్లగా మార్చేదో. ఒక్కొక్కటే ఆపి చూసుకోండి.

చివరికి అదే పేజీని ఇంకొకరి ఫోన్‌లో చూడండి. అక్కడా మసకే అయితే మీ కంప్యూటర్‌ని తిట్టి లాభం లేదు.

ఫైలే చిన్నదో, బ్రౌజర్ పాడుచేస్తోందో ఎలా తెలుస్తుంది?

బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, కొత్త ట్యాబ్‌లో తెరవమనే మాట ఎంచుకోండి. బొమ్మ ఒక్కటే తెరుచుకుంటుంది. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ట్యాబ్ పైన పేరు పక్కనే దాని కొలత పిక్సెళ్లలో, అంటే బొమ్మలోని చుక్కల్లో, కనిపిస్తుంది, 320×240 అనో 1600×1200 అనో. ఆ రెండంకెలే బొమ్మ నాడి. ఇక్కడ పదునుగా ఉండి పేజీలో మసగ్గా ఉంటే, తప్పు ఆ పేజీ తయారుచేసినవాళ్లది. చిన్న బొమ్మను పెద్ద చోట్లో ఇరికించారు. ఇక్కడ కూడా మసగ్గానే ఉంటే ఫైలులోనే సరుకు లేదు.

ఇంకాస్త లోతుగా చూడాలనుకుంటే క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ నొక్కి, ఆ బొమ్మ ఉన్న వరసలోని ఫైలు లింకు మీద మౌస్ ఆనించండి. రెండర్డ్ సైజ్ అని తెర మీద వేసిన కొలత, ఇంట్రిన్సిక్ సైజ్ అని అసలు కొలత, రెండూ కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్ వాళ్లు కంట్రోల్, ఐ నొక్కి మీడియా ట్యాబ్‌లో చూసుకోవచ్చు.

పాత కంప్యూటర్‌లో బాగున్న సైటు, కొత్త ల్యాప్‌టాప్‌లో మసగ్గా ఉంది. డబ్బులు దండగేనా?

దండగ కాదు. తెర మెరుగైంది, బొమ్మ పాతదే ఉండిపోయింది.

15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 1920×1080 చుక్కలుంటే అక్షరాలు మరీ చీమల్లా కనిపిస్తాయని విండోస్ స్కేలింగ్‌ను, అంటే తెర మీదివన్నీ పెద్దవి చేసి చూపే సెట్టింగును, 125 శాతమో 150 శాతమో పెట్టి ఇస్తారు. అంటే 600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను 125 శాతం దగ్గర 750 చుక్కల మీద పరవాలి. మిగతా 150 చుక్కలకు రంగు ఎక్కడి నుంచి వస్తుంది? పక్క చుక్కల రంగులు కలిపి బ్రౌజర్ ఊహిస్తుంది. ఆ ఊహనే మనం మసక అంటున్నాం. ఫోన్లలో ఇది ఇంకా ఎక్కువ. ఐఫోన్ 14నే తీసుకోండి. వెబ్ పేజీకి అది 390 పిక్సెళ్ల వెడల్పని చెప్పుకుంటుంది, నిజానికి తెరలో ఉన్నవి 1170 చుక్కలు. మూడింతలు. 2010లో ఐఫోన్ 4తో, చుక్కలు బాగా దగ్గరగా ఉండే రెటీనా తెరలు మొదలైనప్పటి నుంచీ వెబ్‌సైట్ల వాళ్లకు ఈ తలనొప్పి ఉంది. దీనికి మందుగా ఒకే బొమ్మకు రెండు మూడు సైజులు పెట్టి, తెరను బట్టి బ్రౌజరే ఎంచుకునే పద్ధతి వచ్చింది. అది పాటించని పాత సైట్లు కొత్త తెరల మీద మసగ్గానే ఉంటాయి.

స్కేలింగ్‌ను 100కి దించి చూస్తే బొమ్మ పదునెక్కుతుంది, మీ కళ్లు మాత్రం మొరాయిస్తాయి. నేనైతే దించను.

గూగుల్‌లో కనిపించినప్పుడు బాగుంది. సేవ్ చేసి ప్రింటు తీస్తే పగిలిపోయింది. ఎందుకు?

మీరు సేవ్ చేసింది బొమ్మను కాదు, దాని నమూనాను. వెతికినప్పుడు వరసగా కనిపించే చిన్న బొమ్మలు గూగుల్ తన దగ్గర పెట్టుకున్న థంబ్‌నెయిల్స్. ఫోన్ మీద అవి చక్కగానే కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ వాటికిచ్చిన చోటు అగ్గిపెట్టె అంత. ఏ నాలుగు వేళ్ల ఎత్తు స్టిక్కరుకో సరిపోయేదాన్ని తెచ్చి నాలుగడుగుల ఫ్లెక్సీ వేయమంటే ఎలా? బొమ్మ మీద నొక్కి, అది నిజంగా ఉన్న సైటుకు వెళ్లి, అక్కడ కొత్త ట్యాబ్‌లో తెరిచి, కొలత చూసుకుని అప్పుడు సేవ్ చేయండి.

వికీపీడియాలోనూ ఇదే తంతు. వ్యాసంలో కనిపించేది కుదించిన బొమ్మ. దాని మీద నొక్కితే వికీమీడియా కామన్స్‌లో అసలు ఫైలుకు దారి ఉంటుంది. తేడా మామూలుగా ఉండదు. వ్యాసంలో అరచేతిలో సగమంత కనిపించిన గుడి గోపురం, కామన్స్‌లో నాలుగైదు వేల పిక్సెళ్ల వెడల్పున దొరుకుతుంది. అన్నట్టు, ఎవరు తీశారో, ఏ లైసెన్సో కూడా అక్కడే రాసి ఉంటుంది. ఫ్లెక్సీ మీద వేసేముందు అది కూడా చదవండి.

బొమ్మ ముందు మసగ్గా వచ్చి, తర్వాత తేటపడుతుంది. ఇది లోపమా?

కాదు. ప్రోగ్రెసివ్ జేపెగ్ అనే రకంలో మొత్తం బొమ్మ ముందు అలుక్కుపోయినట్టు వచ్చి, మిగతా డేటా వచ్చేకొద్దీ తేటపడుతుంది. కొన్ని సైట్లు ముందు ఒక చిన్న మసక బొమ్మను పెట్టి, మీరు అక్కడిదాకా స్క్రోల్ చేశాకే అసలుది తెప్పిస్తాయి. ఎంతసేపు చూసినా తేటపడకపోతేనే అనుమానించాలి: సిగ్నల్ మధ్యలో పోయి ఉంటుంది, లేదా స్క్రిప్టులను ఆపే ఎక్స్‌టెన్షన్ ఏదో ఆ అసలు బొమ్మను రానివ్వడం లేదు.

సగం బొమ్మ వచ్చి కింద బూడిద రంగు పట్టీ వస్తోంది.

ఫైలు పూర్తిగా రాలేదు. విండోస్‌లో కంట్రోల్, ఎఫ్5 నొక్కండి. దాచుకున్న పాత కాపీని పక్కనబెట్టి బ్రౌజర్ మళ్లీ మొదటి నుంచీ తెచ్చుకుంటుంది. అప్పటికీ అంతే ఉంటే అప్‌లోడ్ చేసినప్పుడే తెగిపోయింది, అవతలివాళ్లు మళ్లీ పెట్టాల్సిందే.

వైఫైలో బాగుంటుంది, మొబైల్ డేటాలో బొమ్మలు నాసిరకంగా వస్తాయి. నెట్‌వర్క్ వాళ్లు తగ్గిస్తున్నారా?

2జీ కాలంలో, డాంగిళ్ల కాలంలో కొన్ని నెట్‌వర్కులు నిజంగానే బొమ్మను దారిలో పట్టుకుని పిండి పంపేవి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తున్నాయి. అంటే మూత వేసిన కవరు. మధ్యవాళ్లు తెరిచి లోపలి ఫోటోను మార్చలేరు. కాబట్టి నెట్‌వర్క్‌ను అనుమానించడం తగ్గించి మీ బ్రౌజర్‌ను చూడండి.

ఒపెరా మినీ వాడుతున్నారా? దాని పనే అది. పేజీని ముందు తన సర్వర్లకు తెప్పించుకుని, కుదించి మీకు పంపుతుంది. డేటా ఆదా సెట్టింగుల్లో బొమ్మల నాణ్యత తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఉంటుంది, మార్చుకోండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఉండే లైట్ మోడ్‌ను గూగుల్ 2022లోనే తీసేసింది, కాబట్టి "లైట్ మోడ్ ఆపండి" అనే పాత సలహాలు చదివి మెనూలన్నీ వెతక్కండి. ఇక ఫోన్‌లోని డేటా సేవర్‌ను చూసి కొన్ని సైట్లు తమంతట తామే తేలిక బొమ్మ పంపుతాయి. దాన్ని ఒక్కసారి ఆపి, పేజీ మళ్లీ తెరిచి చూస్తే తేలిపోతుంది.

వాట్సాప్ వెబ్‌లో వచ్చిన కార్డు ప్రూఫ్‌లో అక్షరాలు తప్పుగా ఉన్నాయి. మీరు పంపింది సరిగ్గా ఉందంటున్నారు. ఏది నమ్మాలి?

ఈ ప్రశ్న మీద నేను ఒక పూట పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

పసుపు మీద ఎరుపు అక్షరాలతో పెళ్లి కార్డు. ప్రూఫ్ ఫోటోగా పంపాను. పెళ్లికొడుకు బాబాయి గారు కోపంగా ఫోన్ చేశారు: "వధూవరులు అని రాయడం కూడా రాదా? వదూవరులు అని వేశావు." నా ఫైలులో ధ ఉంది. ఆయన తెర మీద ద ఉంది. ఇద్దరమూ నిజమే చెబుతున్నాం. నేను పంపింది బాబాయి గారి అన్నగారికి, ఆయన పంపింది కుటుంబం గ్రూపుకు, గ్రూపు నుంచి ఎవరో స్క్రీన్‌షాట్ తీసి బాబాయి గారికి. అంతమంది చేతులు మారేసరికి ధ అడుగున ఉండే చిన్న నిలువు గీత ఎక్కడో రాలిపోయింది.

ఎందుకు రాలుతుందంటే, జేపెగ్ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో సన్నటి వివరాలను ముందుగా వదిలేస్తుంది. ఫోటోలో మొహానికి, చెట్టుకు, ఆకాశానికి ఇది పెద్దగా తెలియదు. తెలుగు అక్షరానికి మాత్రం ప్రాణమంతా ఆ సన్నటి వివరాల్లోనే ఉంది. ద, ధ, థ చూడండి: తేడా అడుగున ఒక గీత, పొట్టలో ఒక చుక్క. ప, ఫ అంతే. అక్షరం ఎత్తు ఇరవై పిక్సెళ్లుంటే ఆ గీతకు దక్కేది రెండో మూడో. పైగా జేపెగ్‌లో సాధారణంగా వెలుగునీడలను పూర్తిగా దాచి, రంగును మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తారు, మన కళ్లు రంగులో తేడాను అంతగా పట్టలేవు కాబట్టి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి దీనివల్ల నష్టం లేదు. పసుపు మీద ఎరుపయ్యేసరికి, తడిసిన కుంకుమలా అంచుల్లోంచి రంగు కారుతుంది. మన కార్డులన్నీ ఆ రెండు రంగుల్లోనే ఉంటాయి మరి!

వాట్సాప్ మామూలు నాణ్యతలో ఫోటో పంపితే పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించడం చూస్తుంటాను. ప్రింటుకు వెళ్లే ఐదు అంగుళాలు, ఏడు అంగుళాల కార్డు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 1500×2100 పిక్సెళ్లు. అంటే మొదటి అడుగులోనే పావు వంతు ఎత్తు పోయింది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కితే కొంత నయం. అసలు మందు మాత్రం డాక్యుమెంట్‌గా పంపడమే. వాట్సాప్ వెబ్‌లో పేపర్ క్లిప్ లేదా ప్లస్ గుర్తు నొక్కి, ఫోటోలు కాకుండా డాక్యుమెంట్ ఎంచుకోండి. ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇప్పుడు నా ప్రూఫులన్నీ పీడీఎఫ్‌లో డాక్యుమెంట్‌గానే పంపుతున్నాను. బాబాయి గారి ఫోన్ మళ్లీ రాలేదు.

జేపెగ్‌ను పీఎన్‌జీగా మారిస్తే క్లారిటీ తిరిగి వస్తుందా?

రాదు. పలచనైపోయిన సాంబారును వెండి గిన్నెలోకి మార్చినట్టు. పీఎన్‌జీ ఉన్నది పోగొట్టదు, పోయింది తేదు. ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది, దాన్ని చూసి నాణ్యత పెరిగిందని మురిసిపోయేవాళ్లున్నారు.

ఏది దేనికో క్లుప్తంగా: ఫోటోలకు జేపెగ్, 1992 నాటి ప్రమాణం, ఎక్కడైనా తెరుచుకుంటుంది. అక్షరాలు, లోగోలు, స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ. గిఫ్‌లో 256 రంగులే, ఫోటో పెడితే రంగులు మెట్లు మెట్లుగా విడిపోతాయి. వెబ్‌పీ గూగుల్ 2010లో తెచ్చింది, తేలిక. ఏవిఫ్ ఇంకా తేలిక, క్రోమ్‌లో 2020 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2021 నుంచి తెరుచుకుంటోంది. ఐఫోన్ నుంచి నేరుగా వచ్చే హెయిక్ ఫైలును క్రోమ్ చూపించదు, కాబట్టి ఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి.

సేవ్ చేస్తే వెబ్‌పీ వస్తోంది, ఫోటోషాప్ తీసుకోవడం లేదు.

ఫోటోషాప్ వెబ్‌పీని సొంతంగా తెరవడం 2022లో మొదలుపెట్టింది. మన తెలుగు డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఫోటోషాప్ 7, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు నడుస్తున్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యమే, నా దగ్గర ఒక మెషీన్ ఇంకా అదే. విండోస్ 11లో ఉండే పెయింట్‌లో తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేసుకోండి. ఫైలు పేరు చివర అక్షరాలు మార్చి జేపీజీ చేస్తే మాత్రం లోపలి సరుకు మారదు. స్క్రీన్‌షాట్ తీయడం అన్నిటికంటే చెడ్డ దారి: మీ తెర మీద ఎంత కనిపిస్తోందో అంతే వస్తుంది.

చీరల ఫోటోలో లేని అలలు, గీతలు కనిపిస్తున్నాయి. కొనేవాళ్లు బట్టలోనే లోపమనుకుంటున్నారు.

సన్న గళ్ల మంగళగిరి చీరకో, దగ్గర దగ్గర జరీ గీతలున్న అంచుకో వస్తుంది ఇది. మ్వారే అంటారు. గళ్లు ఒక లయలో ఉంటాయి, తెర చుక్కలు ఇంకో లయలో ఉంటాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడినప్పుడు మూడో నమూనా పుడుతుంది. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసి కదిపి చూడండి, అదే.

బొమ్మను కొత్త ట్యాబ్‌లో తెరిచి అసలు సైజుకు పెంచండి. అలలు మాయమైతే, 4000 పిక్సెళ్ల ఫోటోను బ్రౌజర్ 400కి కుదించేటప్పుడు పుట్టినవన్నమాట. అప్‌లోడ్ చేసేముందే మంచి సాఫ్ట్‌వేర్‌లో కావలసిన సైజుకు కుదించి పెట్టండి. పూర్తి సైజులోనూ ఉంటే కెమెరాలోనే పడ్డాయి. ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగి, చీరను కొద్దిగా వాలుగా తిప్పి మళ్లీ తీయాలి.

రంగు తేడా వస్తోంది. ఫోన్‌లో ముదురు ఎరుపు, కంప్యూటర్‌లో వెలిసిన ఇటుక రంగు.

ముందు నైట్ లైట్, ఐ కంఫర్ట్ లాంటివి ఆపండి, సాయంత్రం కాగానే అవి తెరను పసుపు చేస్తాయి. తర్వాత ఫోన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో వివిడ్ అని ఉంటే నేచురల్ చేయండి. అమోలెడ్ తెరలు వివిడ్‌లో ప్రతి ఎరుపునూ పెళ్లికూతురి చీరలా చూపిస్తాయి, కాబట్టి చాలాసార్లు అబద్ధం చెబుతున్నది ఫోనే, కంప్యూటర్ కాదు.

కంప్యూటర్ వైపు చూస్తే, వెబ్‌లో రంగులకు 1996 నుంచి వాడుకలో ఉన్న కొలబద్ద ఎస్‌ఆర్‌జీబీ. కొత్త ఫోన్లు అంతకంటే విశాలమైన డిస్‌ప్లే పీ3లో ఫోటో తీసి, ఆ విషయాన్ని ఫైలులో చీటీ రాసి పెడతాయి. దారిలో ఏదో యాప్ ఆ చీటీ చించేసిందంటే, బ్రౌజర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, రంగులు వెలుస్తాయి. అప్‌లోడ్‌కు ముందే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి సేవ్ చేస్తే ఈ గొడవ ఉండదు. ఒక్క క్రోమ్‌లోనే తేడాగా ఉంటే, దాని ఫ్లాగ్స్ పేజీలో (అడ్రస్ బార్‌లో chrome://flags అని కొడితే వస్తుంది) ఫోర్స్ కలర్ ప్రొఫైల్ అని వెతికి ఎస్‌ఆర్‌జీబీ పెట్టి చూడొచ్చు. ప్రింటుకిచ్చే సీఎంవైకే (నాలుగు సిరాల లెక్కలో రంగులుండే) ఫైలును మాత్రం వెబ్‌లో పెట్టకండి.

బొమ్మల్లో నల్ల గళ్లు, చెదిరిన ముక్కలు. స్క్రోల్ చేస్తే మారుతున్నాయి.

ఇది బొమ్మ జబ్బు కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. క్రోమ్ సెట్టింగుల్లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి. బాగైతే డ్రైవర్ అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసుకోండి. శాశ్వతంగా ఆపేస్తే వీడియోల దగ్గర మెషీన్ ఆయాసపడుతుంది.

టీవీకి కలిపితే అన్నీ అలికినట్టున్నాయి.

చాలా 32 అంగుళాల టీవీల అసలు చుక్కలు 1366×768 మాత్రమే. 1920×1080 పంపితే టీవీ తనే కుదిస్తుంది. మాన్యువల్‌లో ప్యానెల్ కొలత చూసి, దొరికితే అదే పెట్టండి. టీవీ మెనూలో పీసీ మోడ్, జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేరుతో ఒకటుంటుంది, అది ఆన్ చేసి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అవును, తగ్గించండి. పెంచితే అక్షరాల చుట్టూ తెల్లటి గీత పుడుతుంది, అంతే.

దరఖాస్తుకు ఫోటో 50 కేబీ లోపు పెట్టమన్నారు. పెడితే మొహం గుర్తుపట్టలేకుండా ఉంది.

నోటిఫికేషన్ల సీజన్‌లో నా బతుకంతా ఇదే. పిల్లలు చేసే పొరపాటు ఒకటే: ఫోన్‌లో తీసిన 4000×3000 ఫోటోను అలాగే ఉంచి, ఏదో యాప్‌లో "50 కేబీ చేయి" అంటారు. లెక్క చూడండి. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, ఉన్న చోటు దాదాపు నాలుగు లక్షల బిట్లు. ముప్పై పిక్సెళ్లకు కలిపి ఒక్క బిట్టు. గళ్లు గళ్లుగా కాక ఇంకెలా వస్తుంది?

ముందు కత్తిరించండి, తర్వాత కొలత తగ్గించండి, నాణ్యత జోలికి చివర్లో వెళ్లండి. 3.5 సెంటీమీటర్లు, 4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్టు ఫోటో 200 డీపీఐ దగ్గర 276×354 పిక్సెళ్లు. మొత్తం లక్షకు కాస్త తక్కువ. అదే 50 కేబీలో ఇప్పుడు పిక్సెల్‌కు నాలుగు బిట్లు దక్కుతాయి, జేపెగ్‌కు అది విందు భోజనం. సంతకానికీ ఇదే లెక్క: తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో పెట్టి, చుట్టూ ఉన్న ఖాళీ అంతా కోసేయండి. పోర్టల్ తన కొలతలు తను చెబితే అవే పాటించాలి.

నా సొంత సైట్‌లో పెట్టిన ఫోటోలు నేను ఇచ్చినంత బాగా ఎందుకు లేవు?

వర్డ్‌ప్రెస్ అయితే అది మీ ఫోటోను తీసుకుని 150, 300, 1024 పిక్సెళ్ల కాపీలు చేస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 2560 దాటిన ఫోటోనూ కుదిస్తోంది. మీరు పేజీలో పెట్టేటప్పుడు మీడియం ఎంచుకుని, మూల పట్టుకుని వెడల్పుగా లాగారంటే 300 పిక్సెళ్ల బొమ్మ సాగుతుంది. లార్జ్ లేదా ఫుల్ ఎంచుకోండి. నాకు తెలిసి ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మెనూ దగ్గరే తీరిపోతాయి.

వెబ్‌లోని బొమ్మ 72 డీపీఐ అని ఉంది. 300 చేస్తే ప్రింటుకు పనికొస్తుందా?

బ్రౌజర్ డీపీఐ అంకెను పట్టించుకోదు, దానికి కావలసింది పిక్సెళ్లే. 600×400 బొమ్మ మీద 72 రాసినా 300 రాసినా తెర మీద ఒక్కటే. కాగితం మీద 300 దగ్గర అది రెండంగుళాల వెడల్పు. అంతే వస్తుంది, బిల్లు మీద అంకె దిద్దితే బస్తాలో బియ్యం పెరగవు.

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బ్రౌజర్‌లో చదవలేకపోతున్నాను.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి నలుపు, తెలుపు తప్ప మధ్య రంగు లేదు. అలాంటి పేజీని తెరకు పట్టేట్టు కుదిస్తే సన్న గీతలు మాయమై, లావు గీతలు అతుక్కుపోతాయి. పేజీ మొత్తం ఒకేసారి చూడాలన్న ఆశ వదులుకుని, వెడల్పుకు సరిపడా పెంచి చదవండి. ఆన్‌లైన్ రీడర్‌లో జూమ్ చేశాక రెండు క్షణాలు ఆగండి, అప్పుడు పెద్ద బొమ్మ తెచ్చుకుంటుంది. దించుకున్న పీడీఎఫ్ మసగ్గా ఉంటే అదే వెబ్ పేజీలోని డౌన్‌లోడ్ పట్టికలో జేపీ2 అనే స్కాన్ బొమ్మల కట్ట ఉందేమో చూడండి, బరువెక్కువ గానీ కొన్ని పుస్తకాలకు తేడా బాగా కనిపిస్తుంది.

క్లారిటీ పెంచే ఏఐ యాప్‌లు వాడొచ్చా?

పూలకు, కొండలకు వాడుకోండి. అక్షరాలున్న బొమ్మకు వద్దు. అలికిపోయిన తెలుగు వత్తును అది బాగుచేయదు, తెలుగులా కనిపించే ఇంకేదో గీస్తుంది. ధ్రువపత్రాలకు అసలే వద్దు.

మనుషుల మొహాలకు కూడా నేను మానేశాను. ఒకాయన వాళ్ల నాన్నగారి పెద్దకర్మ ఫ్లెక్సీకి ఫోటో తెచ్చాడు. ఎవరి పేజీలోనో దొరికిన పెళ్లి గ్రూపు ఫోటో, అందులో నాన్నగారి మొహం నూట ఇరవై పిక్సెళ్లు. యాప్‌లో వేశాను. కనురెప్పల వెంట్రుకలతో సహా తళతళలాడుతూ వచ్చింది, అతనూ సంతోషపడ్డాడు. ప్రూఫ్ తీసుకుని ఇంటికి వెళ్లి అరగంటలో తిరిగొచ్చాడు. వాళ్లమ్మ చూసి "ఎవరు నాయనా ఈయన?" అందట. గుంటలు పడిన బుగ్గలు నిండిపోయాయి, ఎడమ కంటి మీది మచ్చ లేదు.

ఇంట్లో గోడకు అద్దం కట్టించిన ఫోటో ఏదైనా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. అద్దం తీసి, వరండాలో ఎండ నేరుగా పడని చోట పెట్టి, ఫోన్ కెమెరా లెన్సు తుడిచి, నిటారుగా పైనుంచి తీసి, డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అంచుల్లో కాస్త చెమ్మ మరకలున్నాయి. వాటిని అలాగే ఉంచి వేశాం.